అర్హత ఉన్నా పుట్టని అప్పు: అమెరికా గృహరుణ చరిత్రలో పరపతి బిగువు కాలాలు

వ్యాస సంగ్రహం

పరపతి బిగుసుకున్న కాలంలో అర్హుడైన వ్యక్తికి గృహరుణం దొరుకుతుందా అన్న ప్రశ్నకు రుణసంస్థలు సాధారణంగా ‘దొరుకుతుంది’ అనే సమాధానం చెబుతూ వచ్చాయి. 1932-36, 1966-74, 1979-82, 2007-10 సంవత్సరాలలో అమెరికాలో ఏర్పడిన నాలుగు బిగువు కాలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘అర్హత’ అనేది రుణగ్రహీతలో స్థిరంగా ఉండే గుణం కాదని, రుణదాత వెనుక నిధులు ఏ మార్గంలో వస్తున్నాయో, ఆ నిధులకు హామీ ఎవరు పడుతున్నారో వాటిని బట్టి అది మారుతూ వచ్చిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గృహరుణం, పరపతి, అర్హత, తనఖా, హామీ, రెగ్యులేషన్ క్యూ, ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఫ్యానీ మే.

1. ఉపోద్ఘాతం

తెలుగులో అప్పు ‘పుడుతుంది’. ‘ఎంత తిరిగినా అప్పు పుట్టలేదు’ అన్న వాక్యంలో కర్త అడిగినవాడు కాదు, ఇచ్చేవాడూ కాదు, అప్పే. అడిగినవాడి యోగ్యతకూ అప్పు దొరకడానికీ మధ్య తెగిపోగల బంధం ఉందన్న ఎరుక ఈ పలుకుబడిలో కనిపిస్తుంది. ‘పరపతి’ అన్న మాట మరీ ఆసక్తికరమైనది. ‘సహకార పరపతి సంఘం’ అన్నప్పుడు అది సంస్థాగత రుణం. ‘ఊళ్లో అతనికి పరపతి ఉంది’ అన్నప్పుడు అది వ్యక్తి పలుకుబడి, మాటమీది నమ్మకం. మామూలు రోజులలో ఈ రెండు అర్థాలూ కలిసే నడుస్తాయి. మనిషికి పరపతి ఉంటే సంస్థనుంచి పరపతి వస్తుంది. అవి విడిపోయే కాలాన్నే ఆర్థికవేత్తలు పరపతి బిగువు అంటారు.

ఆ విడిపోవడాన్ని పరిశీలించడానికి అమెరికా గృహరుణ చరిత్ర అనువైన క్షేత్రం. అక్కడ ఇంటి అప్పు ఒక శతాబ్దంలో కనీసం నాలుగు సార్లు తీవ్రంగా బిగుసుకుంది. ప్రతి బిగువూ ఒక్కో కారణంతో వచ్చింది, ఒక్కో చట్టాన్ని మిగిల్చింది. ప్రతిసారీ అదే ప్రశ్న ముందుకు వచ్చింది: ఉద్యోగం ఉంది, పొదుపు ఉంది, గతంలో ఎగవేత లేదు, అటువంటివాడికి ఇంటి అప్పు ఇంకా దొరుకుతుందా? ఈ ప్రశ్నలోని ‘అటువంటివాడు’ ఎవరన్నది కాలాన్ని బట్టి మారింది.

2. నలభై ఒక్క వేల దరఖాస్తులు

1920లలో అమెరికాలో బ్యాంకులు ఇచ్చే ఇంటి అప్పు నేటి గృహరుణం వంటిది కాదు. కాలపరిమితి సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు. మొత్తం ఇంటి విలువలో సగం, లేదా సగాని కంటే కొద్దిగా ఎక్కువ. ఆ అయిదేళ్లూ ప్రధానంగా వడ్డీయే కట్టేవారు. గడువు ముగిసేసరికి అసలులో పెద్ద భాగం అలాగే ఉండేది, దాన్ని మళ్లీ కొత్త పత్రం మీద తిరగరాయించుకునేవారు. పొదుపు-రుణ సంఘాలు మాత్రం పది పన్నెండేళ్లలో అసలు తీరే పద్ధతిని పాటించేవి. తిరగరాయడం అన్నది ఎంత మామూలు వ్యవహారమంటే, అది జరగకపోవచ్చునన్న ఆలోచన కూడా ఎవరికీ ఉండేది కాదు.

1930-33 మధ్య సుమారు 9,000 బ్యాంకులు మూతపడినప్పుడు ఆ ఆలోచన రాక తప్పలేదు. గడువు తీరిన అప్పును తిరగరాయడానికి మూతపడిన బ్యాంకు లేదు. తెరిచివున్న బ్యాంకుకు నగదు తప్ప మరేదీ అక్కరలేదు. ఉద్యోగం పోయి వడ్డీ కట్టలేనివారి సంగతి సరే. ఒక్క వాయిదా కూడా తప్పనివారు సైతం, కేవలం పత్రం గడువు 1932లో ముగిసినందున, మొత్తం అసలును ఒక్కసారిగా చెల్లించాల్సి వచ్చింది. 1930లో తిరగరాయించుకున్న పొరుగువాడు గట్టెక్కవచ్చు, 1932లో గడువు తీరినవాడు మునిగిపోవచ్చు. ఇద్దరి యోగ్యతలో తేడా లేదు, పత్రం మీది తేదీలో ఉంది. 1933 నాటికి దేశంలో రోజుకు వెయ్యికి పైగా ఇళ్లు జప్తు అవుతున్నాయి.

అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ 1932 జూలై 22న ఫెడరల్ హోం లోన్ బ్యాంకు చట్టంపై సంతకం చేశాడు. పొదుపు-రుణ సంఘాలకు నిధులు అందించడం దాని ముఖ్యోద్దేశం. మరెక్కడా అప్పు దొరకని ఇంటి యజమాని నేరుగా ఈ బ్యాంకులనే ఆశ్రయించవచ్చన్న నిబంధన కూడా అందులో ఉంది. ఆ నిబంధన ఏమైందో చరిత్రకారుడు కెన్నెత్ జాక్సన్ 1985లో వెలువడిన ‘క్రాబ్‌గ్రాస్ ఫ్రాంటియర్’లో నమోదు చేశాడు: వ్యక్తులనుంచి వచ్చిన దరఖాస్తులు 41,000, ఆమోదం పొందినవి 3. కొత్త బ్యాంకులు కోరిన భద్రత ఎంత కఠినమైనదంటే, దాన్ని చూపగలిగిన వ్యక్తికి సాధారణ బ్యాంకులోనే అప్పు దొరికి ఉండేది. మరెక్కడా అప్పు దొరకకపోవడం ఒక షరతు. ఎక్కడైనా అప్పు దొరికేంత భద్రత చూపడం మరో షరతు. ఈ రెండింటినీ ఒకేసారి తీర్చగలవారు 41,000 మందిలో ముగ్గురే కావడంలో వింత లేదు.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933 జూన్‌లో స్థాపించిన హోం ఓనర్స్ లోన్ కార్పొరేషన్ ఈ తర్కాన్ని తలకిందులు చేసింది. అప్పు తీర్చలేని కష్టంలో ఉండటమే ఇక్కడ అర్హత. పాత రుణదాత చేతిలోని తనఖాను కార్పొరేషన్ తన బాండ్లతో కొని, ఇంటి విలువలో 80 శాతం వరకు, 14,000 డాలర్లకు మించకుండా, 5 శాతం వడ్డీకి 15 ఏళ్ల వాయిదాలపై కొత్త అప్పుగా మార్చేది. దాదాపు 19 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 1936 నాటికి 10 లక్షలకు పైగా రుణాలు, సుమారు 310 కోట్ల డాలర్లు ఇచ్చింది. తిరస్కరించిన దరఖాస్తులలో, తగినంత కష్టంలో లేరన్న కారణంతో పక్కన పెట్టినవీ ఉన్నాయి. తిండి మానుకుని వడ్డీ కట్టినవాడు అనర్హుడు, కట్టడం ఆపినవాడు అర్హుడు అయిన సందర్భం అది. అందులో అన్యాయం ఉందనిపించవచ్చు గాని, సంస్థ లక్ష్యం జప్తులను ఆపడం; కొత్తగా ఇల్లు కొనేవారిని ఆదుకోవడం కాదు.

ఫలితాన్ని కూడా గమనించాలి. ఆ అప్పులలో సుమారు అయిదో వంతు చివరికి జప్తుకే పోయాయి. అయినా 1951లో కార్పొరేషన్ ఖాతాలు మూసేనాటికి స్వల్పంగా మిగులే తేలింది. మార్కెట్టు అనర్హులని తేల్చిన పది లక్షల మందిలో అయిదింట నాలుగు వంతులు అప్పు తీర్చారన్నమాట. 1932-33 నాటి తిరస్కారాలలో రుణగ్రహీత దోషం ఎంత, కాలదోషం ఎంత అన్న ప్రశ్నకు ఇంత పెద్ద ప్రమాణంలో లభించిన సమాధానం మరొకటి లేదు.

3. అర్హతకు గీసిన పటాలు

1934 జూన్‌లో నేషనల్ హౌసింగ్ చట్టం ద్వారా ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, సంక్షిప్తంగా ఎఫ్.హెచ్.ఏ., తానుగా అప్పు ఇవ్వలేదు. బ్యాంకు ఇచ్చిన అప్పుకు బీమా చేసింది. 20 శాతం డౌన్‌పేమెంట్, 20 ఏళ్ల గడువు, ప్రతి నెలా అసలుతో కలిపి సమాన వాయిదా అన్న నమూనాను దేశమంతటా స్థిరపరచింది. 1938లో ఏర్పడిన ఫ్యానీ మే ఆ బీమా చేసిన అప్పులను బ్యాంకులనుంచి కొనసాగింది. ఇక్కడే అర్హత నిర్ణయం చేయి మారింది. అంతవరకు ఊళ్లోని బ్యాంకరు తన ఎరుకను బట్టి తేల్చిన విషయాన్ని ఇకపై వాషింగ్టన్‌లో ముద్రించిన అండర్‌రైటింగ్ మాన్యువల్ తేల్చసాగింది.

ఆ మాన్యువల్ మనిషినే కాక అతడు ఉండే వీధినీ, పక్కింటివారినీ తూచింది. 1938 ప్రతి వేర్వేరు జాతులవారు ఒకే చోట నివసించడాన్ని విలువకు ముప్పుగా పరిగణించి, జాతి ప్రాతిపదికన నివాసాన్ని నిషేధించే దస్తావేజు షరతులను సిఫారసు చేసింది. స్థిరమైన ఉద్యోగం, పొదుపు, మచ్చలేని చెల్లింపు చరిత్ర ఉన్న నల్లజాతి ఉపాధ్యాయుడు ఈ కొలమానంలో అనర్హుడు కావడానికి అతడు చేయాల్సిందేమీ లేదు.

హోం ఓనర్స్ లోన్ కార్పొరేషన్ 1935-40 మధ్య తయారు చేయించిన నగర పటాలు, వాటిలో డి శ్రేణి ప్రాంతాలకు వేసిన ఎరుపు రంగు నేడు సుప్రసిద్ధం. కాని ఆ పటాలే వివక్షకు మూలమన్న ప్రచారంలోని అభిప్రాయాన్ని సవరించాల్సి ఉంది. కార్పొరేషన్ రుణాలలో అధికభాగం పటాలు తయారు కాకముందే మంజూరయ్యాయి. ఏమీ హిల్లియర్, ప్రైస్ ఫిష్‌బ్యాక్ వంటి పరిశోధకులు దీన్ని వివరంగా చర్చించారు. నల్లజాతి యజమానులకు కార్పొరేషన్ గణనీయంగానే రుణాలిచ్చిందనీ, వారిని దాదాపు పూర్తిగా మినహాయించింది ఎఫ్.హెచ్.ఏ. అనీ ఫిష్‌బ్యాక్ తదితరుల నిర్ధారణ. పాత తనఖాల భారం మోస్తున్న కార్పొరేషన్ దిగజారిన వీధులకూ రుణమిచ్చింది. కొత్త తనఖాలకు హామీ పడే సంస్థ వాటిని వదిలేసింది. ఒకే ప్రభుత్వం, ఒకే దశాబ్దం, రెండు అర్హతలు.

జాతిపరమైన దస్తావేజు షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పు చెప్పింది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం గృహరుణాలలో వివక్షను నిషేధించింది. స్త్రీల విషయంలో చట్టం ఇంకా ఆలస్యమైంది. భార్య సంపాదనను కుటుంబ ఆదాయంలో పూర్తిగా లెక్కించకపోవడం, పిల్లలు పుట్టే వయసు ఉంటే అసలే లెక్కించకపోవడం రుణసంస్థల మామూలు పద్ధతి. 1974 నాటి ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ చట్టం దీన్ని ఆపింది. చట్టాలు వచ్చాక కూడా తేడా పూర్తిగా పోలేదు. బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు చెందిన అలీషియా మన్నెల్, ఆమె సహ పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం తిరస్కరణ రేటులో శ్వేతజాతి దరఖాస్తుదారులకూ, నల్లజాతి, హిస్పానిక్ దరఖాస్తుదారులకూ మధ్య 18 శాతం పాయింట్ల అంతరం ఉండగా, ఆదాయం, పాత అప్పులు, రుణచరిత్ర వంటివన్నీ లెక్కలోకి తీసుకున్న తరవాత కూడా సుమారు 8 పాయింట్లు మిగిలింది. ఆ లెక్కింపు పద్ధతిపై వాదోపవాదాలు చాలాకాలం సాగాయి.

4. ఖజానా ఖాళీ అయిన కౌంటరు

రెండో ప్రపంచయుద్ధం తరవాతి రెండు దశాబ్దాలు ఇంటి అప్పుకు స్వర్ణయుగంగా పేరు పొందాయి. ప్రజల పొదుపు ఖాతాలే నిధి. వాటిమీద తక్కువ వడ్డీ ఇచ్చి, ఆ సొమ్మును 25, 30 ఏళ్ల స్థిర వడ్డీ రుణాలుగా ఇవ్వడం పొదుపు-రుణ సంఘాల వ్యాపారం. డిపాజిటరు రేపే తీసుకోగల సొమ్మును ముప్పై ఏళ్లకు అప్పుగా ఇవ్వడం ప్రమాదకరమే. మార్కెట్టు వడ్డీలు నిలకడగా ఉన్నంతకాలం ఆ ప్రమాదం బయటపడలేదు.

1966లో బయటపడింది. వియత్నాం యుద్ధవ్యయం, ద్రవ్యోల్బణ భయం, ఫెడరల్ రిజర్వు బిగింపు కలిసి స్వల్పకాలిక వడ్డీలను పెంచాయి. డిపాజిటర్లు ఎక్కువ వడ్డీ వచ్చే చోటుకు సొమ్ము తరలించసాగారు. బ్యాంకు డిపాజిట్ల వడ్డీకి 1930లనుంచే ఉన్న గరిష్ఠ పరిమితిని, అంటే రెగ్యులేషన్ క్యూ తరహా కట్టడిని, 1966 సెప్టెంబరు చట్టం పొదుపు-రుణ సంఘాలకూ విస్తరింపజేసింది. డిపాజిట్ల కోసం సంస్థల మధ్య పోటీని ఆపి ఇంటి అప్పును కాపాడటం ఉద్దేశం. దానివల్ల మార్కెట్టు వడ్డీ పరిమితిని దాటిన ప్రతిసారీ డిపాజిట్లు బయటికి పారడం మొదలైంది. 1965లో 14.7 లక్షలుగా ఉన్న కొత్త ఇళ్ల నిర్మాణ ప్రారంభాలు 1966లో 11.7 లక్షలకు పడిపోయాయి. 1969-70లో, 1973-74లో ఇదే పునరావృతమైంది. 1972లో 23.6 లక్షలుగా ఉన్న ప్రారంభాలు 1975లో 11.6 లక్షలు.

ఈ కాలపు తిరస్కారం స్వభావం ప్రత్యేకమైనది. సంఘం కార్యాలయానికి వచ్చినవాడి ఆదాయం చాలదని ఎవరూ అనలేదు, ఇంటి విలువపై సందేహమూ లేదు. ఇవ్వడానికి సొమ్ము లేదు. అందుకని మేనేజర్లు తమకు తోచిన వడపోతలు పెట్టుకున్నారు: డౌన్‌పేమెంట్ పెంచడం, గడువు తగ్గించడం, తమ వద్ద పాత ఖాతా ఉన్నవారికే ఇవ్వడం. కొన్ని రాష్ట్రాలలో వడ్డీపై చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి ఉండేది. మార్కెట్టు వడ్డీ దాన్ని మించినప్పుడు ఎక్కువ వడ్డీ ఇవ్వడానికి సిద్ధపడినా అప్పు పుట్టేది కాదు. రుణగ్రహీతను రక్షించడానికి పెట్టిన హద్దు అతడికే అడ్డుగోడ అయింది. 1980 మార్చి నాటి ఫెడరల్ చట్టం గృహరుణాలకు సంబంధించి ఆ రాష్ట్ర పరిమితులను తోసిపుచ్చింది.

1970లో ట్రెజరీ బిల్లుల కనీస కొనుగోలు మొత్తాన్ని 10,000 డాలర్లకు పెంచారు. చిన్న పొదుపరులు తమ సొమ్మును సంఘాలనుంచి తీసి ప్రభుత్వ బిల్లులలో పెట్టకుండా ఆపడం దీని ఆంతర్యం. ఇల్లు కొనేవాడికి చవక అప్పు దొరకడానికి, చేతిలో 10,000 లేని పొదుపరి తక్కువ వడ్డీతో సరిపెట్టుకోవాలి. అర్హుడైన రుణగ్రహీతకు ఇచ్చిన రాయితీ ఎవరి జేబులోనుంచి వచ్చిందన్న చర్చ గృహరుణ చరిత్రలలో ఎక్కువగా కనిపించదు. ఈ ఒక్క నిర్ణయం చాలు దాన్ని చూపడానికి. చివరికి 1970లలో విస్తరించిన మనీ మార్కెట్ ఫండ్లు ఆ కంచెనూ దాటించాయి.

ప్రభుత్వం వెతికిన మరో దారి డిపాజిట్లమీద ఆధారపడని నిధులు. 1968లో జిన్నీ మే, 1970లో ఫ్రెడ్డీ మాక్ ఏర్పడ్డాయి; తనఖాలను పోగుచేసి వాటి ఆధారంగా పత్రాలు అమ్మే పద్ధతి 1970లో మొదలైంది. పొదుపు ఖాతాలనుంచి కాక పెట్టుబడి విపణినుంచి వచ్చే ఈ కొత్త కాలువ 2007లో ఎలా ఎండిందన్నది తరవాతి కథ.

5. 1981: వడ్డీయే వడపోత

1978 జూన్‌లో ట్రెజరీ బిల్లుల వడ్డీకి ముడిపెట్టిన ఆరునెలల డిపాజిట్ పత్రాలను అనుమతించడంతో సంఘాలకు నిధులు ఆగిపోవడం తగ్గింది, నిధుల ధర మాత్రం విపరీతంగా పెరిగింది. 1979 అక్టోబరు 6న పాల్ వోల్కర్ నాయకత్వంలో ఫెడరల్ రిజర్వు ద్రవ్యోల్బణంపై ప్రకటించిన కఠిన విధానం తరవాత ముప్పై ఏళ్ల గృహరుణ వడ్డీ పెరుగుతూ పోయి, 1981 అక్టోబరులో 18.63 శాతాన్ని తాకింది. ఇది ఫ్రెడ్డీ మాక్ వారపు సర్వేలో ఇప్పటికీ అత్యధికం.

ఇప్పుడు అప్పు లేదనే మాట లేదు. ఉంది, 18 శాతానికి. అయితే అర్హత సూత్రంలోనే వడ్డీ ఇమిడి ఉంది. 60,000 డాలర్ల అప్పుకు 9 శాతం వడ్డీపై ముప్పై ఏళ్లకు నెలవాయిదా సుమారు 483 డాలర్లు; 18 శాతం వడ్డీపై సుమారు 904. వాయిదా ఆదాయంలో 28 శాతం మించరాదన్న కొలత పెడితే, మొదటిదానికి సంవత్సరాదాయం దాదాపు 20,700 డాలర్లు చాలు, రెండోదానికి దాదాపు 38,800 కావాలి. 1981లో అమెరికా కుటుంబ మధ్యస్థ ఆదాయం సుమారు 22,000 డాలర్లు. 9 శాతం వడ్డీ దగ్గర సునాయాసంగా అర్హత పొందే మధ్యస్థ కుటుంబం, తనలో ఏ మార్పూ లేకుండానే, 18 శాతం దగ్గర అనర్హమైంది. ‘అర్హులకు అప్పు దొరుకుతూనే ఉంది’ అన్న వాక్యం ఆ సంవత్సరం అక్షరాలా నిజం. అర్హుల సంఖ్యే కుంచించుకుపోయింది. పాత ఇళ్ల అమ్మకాలు 1978లో దాదాపు 40 లక్షలు, 1982లో దాదాపు 20 లక్షలు. గృహనిర్మాతలు నిరసనగా కట్టడానికి వాడే కొయ్య ముక్కలను వోల్కర్‌కు తపాలాలో పంపారు.

రుణగ్రహీతలు బ్యాంకును తప్పించుకునే దారులు వెతికారు. అమ్మేవాడి పాత, తక్కువ వడ్డీ తనఖాను కొనేవాడు తనమీద వేసుకోవడం వాటిలో ముఖ్యమైనది. ఇంటిని అమ్మగానే పాత అప్పు మొత్తం కట్టాలన్న షరతును రుణసంస్థలు యథేచ్ఛగా అమలు చేయరాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1978లో వెల్లెన్‌క్యాంప్ కేసులో తీర్పునిచ్చింది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, అదే ఏడాది అక్టోబరు నాటి గార్న్-సెయింట్ జర్మైన్ చట్టం ఆ దారిని చాలావరకు మూశాయి. పాత అప్పులతో నష్టపోతున్న సంఘాలను కాపాడాలంటే కొనేవాడి వెసులుబాటు పోవాలని శాసనసభ నిర్ణయించింది.

యాదృచ్ఛికమే కావచ్చు, ఇదే 1981లో జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఆండ్రూ వైస్ పరపతి పంపకంపై తమ ప్రసిద్ధ పత్రాన్ని ప్రచురించారు. వడ్డీ పెంచితే జాగ్రత్తపరులు తప్పుకుని సాహసికులే మిగులుతారు గనుక, రుణదాత ఒక స్థాయి దాటి వడ్డీ పెంచడని, ఫలితంగా ఒకేలా కనిపించే దరఖాస్తుదారులలో కొందరికి అప్పు దొరికి మరికొందరికి దొరకదని వారి సిద్ధాంతం. 1966 నాటి కొరతకు చట్టబద్ధమైన వడ్డీ పరిమితి కారణం. స్టిగ్లిట్జ్, వైస్‌లది ఏ చట్టమూ లేకపోయినా పుట్టే కొరత. ఈ రెండింటినీ కలపరాదు. అర్హత, లభ్యత వేర్వేరు విషయాలన్న దానికి ఆర్థికశాస్త్రంలో గట్టి పునాది పడింది మాత్రం ఈ పత్రంతోనే.

6. 2007-10: హామీ ఉన్న వాకిలి, లేని వాకిలి

2007 నాటి బిగువును అర్థం చేసుకోవడానికి అంతకు ముందటి సడలింపును మరచిపోకూడదు. ఆదాయపు పత్రాలు చూపకుండానే, డౌన్‌పేమెంట్ లేకుండానే అప్పులిచ్చిన కాలమది. ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ 2009లో చూపినట్లు, 2002-05 మధ్య బలహీన రుణచరిత్ర గలవారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఆదాయాలు వెనకబడుతుండగా గృహరుణాలు వేగంగా పెరిగాయి. కాబట్టి తరవాతి బిగింపులో కొంత భాగం దిద్దుబాటు. ప్రశ్న దిద్దుబాటు ఎక్కడ ఆగి, కొరత ఎక్కడ మొదలైందన్నది.

2007 ఏప్రిల్‌లో న్యూ సెంచరీ సంస్థ, ఆగస్టులో అమెరికన్ హోం మార్ట్‌గేజ్ దివాలా పిటిషన్లు వేశాయి. ఆగస్టు 9న ఫ్రెంచి బ్యాంకు బి.ఎన్.పి. పారిబా మూడు నిధులనుంచి ఉపసంహరణలు నిలిపివేసింది. ఆగస్టు 16న కంట్రీవైడ్ తన 1,150 కోట్ల డాలర్ల అత్యవసర రుణసదుపాయాన్ని పూర్తిగా వాడుకుంది. ప్రభుత్వ ప్రమేయం లేని తనఖా పత్రాలను కొనేవారు దాదాపు అదృశ్యమయ్యారు.

అప్పుడు ఒక అంకె అసాధారణ ప్రాముఖ్యం పొందింది: 4,17,000 డాలర్లు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ కొనగల రుణానికి అది గరిష్ఠ పరిమితి. అంతకు లోపలి రుణాన్ని బ్యాంకు ఇచ్చిన వెంటనే అమ్ముకోవచ్చు. అంతకు మించినదాన్ని తన దగ్గరే ఉంచుకోవాలి. మామూలు కాలంలో ఈ రెండు రకాల మధ్య వడ్డీ తేడా సుమారు పావు శాతం. సంక్షోభంలో అది ఒక శాతాన్ని దాటింది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 5 లక్షల డాలర్ల అప్పు కోరే స్థిరోద్యోగి, తక్కువ ధరల నగరంలో 2 లక్షలు కోరే అదే తరహా ఉద్యోగి కంటే ఎగవేసే అవకాశం ఎక్కువని ఎవరూ నిరూపించలేదు. 2008 ఫిబ్రవరి చట్టం ఖరీదైన ప్రాంతాలలో ఆ పరిమితిని తాత్కాలికంగా 7,29,750 డాలర్లకు పెంచింది. మారినది రుణగ్రహీత కాదు, గీత.

గీతకు లోపల కూడా ద్వారం ఇరుకైంది. ఫెడరల్ రిజర్వు జరిపే సీనియర్ రుణాధికారుల సర్వేలో, ఉత్తమశ్రేణి రుణగ్రహీతలకు సైతం ప్రమాణాలు కఠినం చేశామని 2008 ఏప్రిల్‌లో సుమారు 60 శాతం బ్యాంకులు, జూలైలో సుమారు 75 శాతం బ్యాంకులు చెప్పాయి. ఉత్తమశ్రేణి అంటే వివాదంలేని అర్హులే. 2008 మార్చినుంచి ఫ్యానీ మే క్రెడిట్ స్కోరు, డౌన్‌పేమెంట్ స్థాయిని బట్టి అదనపు రుసుములు వేసింది. ధరలు పడుతున్నాయని గుర్తించిన ప్రాంతాలలో ఇవ్వగల రుణం వాటాను 5 శాతం పాయింట్లు తగ్గించే నియమాన్ని తెచ్చి, విమర్శలు రావడంతో జూన్‌లో విరమించుకుంది. ప్రైవేటు తనఖా బీమా కంపెనీలు మాత్రం అటువంటి ప్రాంతాల జాబితాలను కొనసాగించాయి. ఉద్దేశం వేరు, ప్రాతిపదిక వేరు. అయినా మనిషి కాక పిన్‌కోడ్ తీర్పు చెప్పే పద్ధతి మళ్లీ బల్లమీదికి వచ్చింది.

ఈ ఖాళీలోకి ప్రవేశించింది 1934 నాటి పాత సంస్థ. ఇంటి కొనుగోలు రుణాలలో ఎఫ్.హెచ్.ఏ. బీమా గలవి 2006లో 5 శాతానికి లోపే. 2009 నాటికి మూడో వంతుకు చేరువ. 3.5 శాతం డౌన్‌పేమెంట్‌తో అప్పు దొరికే మార్గం దాదాపు అదొక్కటే. 2008 సెప్టెంబరులో ఫ్యానీ, ఫ్రెడ్డీలు ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లాయి. నవంబరు 25న ఫెడరల్ రిజర్వు 50 వేల కోట్ల డాలర్ల తనఖా పత్రాలు కొంటామని ప్రకటించగా, అప్పటిదాకా 6 శాతం వద్ద ఉన్న ముప్పై ఏళ్ల వడ్డీ జనవరి మధ్యకు 5 శాతం లోపుకు దిగింది. 2009 మార్చిలో ఆ కొనుగోలు లక్ష్యాన్ని 1.25 లక్షల కోట్ల డాలర్లకు పెంచారు.

కాబట్టి 2009లో మంచి స్కోరు, 20 శాతం డౌన్‌పేమెంట్, రెండేళ్ల జీతపు పత్రాలు, పరిమితికి లోపలి మొత్తం ఉన్నవాడికి దశాబ్దాలలోకెల్లా చవకైన అప్పు దొరికింది. స్వయంఉపాధిదారు, అసంపూర్ణ కాండొమినియం భవనంలో ఫ్లాటు కొనేవాడు, ఇంటి విలువ అప్పుకంటే తగ్గిపోయిన యజమాని అదే బ్యాంకు ముందు వట్టి చేతులతో నిలబడ్డారు. ‘దొరికింది’ అన్నవారూ ‘దొరకలేదు’ అన్నవారూ ఇద్దరూ అబద్ధమాడలేదు.

7. అర్హత రుణగ్రహీతనుంచి రుణానికి

2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం మేరకు రూపొంది 2014 జనవరి 10న అమలులోకి వచ్చిన నియమాలు ‘క్వాలిఫైడ్ మార్ట్‌గేజ్’ అనే వర్గాన్ని సృష్టించాయి. మాటలోని విశేషణం ఎటు కదిలిందో గమనించదగినది: అర్హమైనది ఇప్పుడు మనిషి కాదు, అప్పు. నెలవారీ అప్పుల భారం ఆదాయంలో 43 శాతం మించకపోవడం అప్పట్లో అందులో ప్రధాన కొలమానంగా ఉండేది. దాన్ని దాటిన రుణం నిషిద్ధం కాదు గాని, బ్యాంకుకు న్యాయపరమైన రక్షణ తగ్గేది. అందుకే బ్యాంకులు ఎక్కువగా గీతకు లోపలే నిలిచాయి. అర్బన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లారీ గుడ్‌మన్ బృందం అంచనా ప్రకారం, సడలింపుకు ముందటి 2001 నాటి ప్రమాణాలే అమలులో ఉంటే 2009-15 మధ్య మరో 63 లక్షల గృహరుణాలు మంజూరై ఉండేవి. దిద్దుబాటు ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు ఈ అంచనా ఒక కొలబద్ద.

2014 అక్టోబరులో షికాగోలో జరిగిన ఒక సమావేశంలో బెన్ బెర్నాంకే, తన ఇంటి అప్పును కొత్త వడ్డీకి తిరగరాయించుకోవాలని ప్రయత్నిస్తే కుదరలేదని చెప్పాడు. సభికులు నవ్వితే, ఇది తాను కల్పించి చెబుతున్న మాట కాదని అన్నాడు. గృహరుణ ప్రమాణాలు కొంత అతిగా బిగిసి ఉండవచ్చని కూడా అభిప్రాయపడ్డాడు. ఎనిమిదేళ్లు ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడిగా ఉండి, లక్ష కోట్లకు మించిన తనఖా పత్రాలను కొనిపించినవాడు అతడు. ఆ ఏడాది జనవరి చివర పదవీకాలం ముగిసి నెలజీతం ఆగిపోయిందనీ, ఉపన్యాసాల రాబడికి కంప్యూటరు కోరే చరిత్ర లేకపోవడమే కారణం కావచ్చనీ పత్రికలు విశ్లేషించాయి. పలుకుబడి అనే అర్థంలో పరపతి అతడికి తక్కువేమీ కాదు.

అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేస్తున్న తెలుగు కుటుంబాలు కూడా ఇటీవల ఈ ‘గీత’ను చూశాయి. అది పరపతి బిగువు నాటి నిర్ణయం కాదు, నివాస హోదాకు సంబంధించినది. కాని పనిచేసిన తీరు ఈ చరిత్రలోనిదే. శాశ్వత నివాసులు కానివారికి ఎఫ్.హెచ్.ఏ. బీమా అర్హతను తొలగిస్తూ 2025 మార్చిలో అమెరికా గృహనిర్మాణ శాఖ ఉత్తర్వు జారీ చేసింది. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్‌ల మార్గం అప్పటికి తెరిచే ఉంది. తక్కువ డౌన్‌పేమెంట్‌తో, సాధారణ స్కోరుతో ఇల్లు కొనాలనుకున్నవారికి మాత్రం దారి ఇరుకైంది. జీతం అదే, స్కోరు అదే, యజమాని సంస్థ అదే. మే 24 లోగా ఎఫ్.హెచ్.ఏ. కేసు నంబరు పడిన దరఖాస్తుకు పాత నియమం వర్తించింది. మే 25న పడినదానికి కొత్తది.